కంటిమీది లెన్సా, కంటిలోపలి లెన్సా?



పెండ్లిచూపులనగానే "ఆ అద్దాలు కాసేపు తీసెయ్యమ్మా" అనే పెద్దవాళ్లు మన హుజూర్‌నగర్ వైపు ఇంకా ఉన్నారు. అందుకే దూరపుచూపు ఆనని ఆడపిల్లలు కాంటాక్ట్ లెన్సుల సంగతి అడుగుతుంటారు. ఇప్పుడు కంటిలోపలే అమర్చే లెన్సు కూడా వచ్చింది. రోజూ పెట్టి తీసే బాధ ఉండదంటారు. నిజమే. కానీ ఆ లెన్సు ఎన్ని తంటాలు పడి ఇక్కడిదాకా వచ్చిందో తెలిస్తే, ఎంచుకోవడం సులువవుతుంది.

మొదట వచ్చింది కంటిమీది లెన్సే. 1888లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని గాజుతో చేయించాడు. గాజును కన్ను ఎంతసేపు ఓర్చుకుంటుంది? 1961లో చెకోస్లోవేకియాలో ఓటో విక్టర్లే అనే శాస్త్రజ్ఞుడు, పిల్లల ఆటసామానుకు సైకిలు డైనమో తగిలించి, ఇంట్లోనే మెత్తని లెన్సులు తీశాడు. ఈనాటి మెత్తని లెన్సులకు మూలం అదే.

లోపలి లెన్సు కథ యుద్ధంలో మొదలైంది. విమానాల ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కండ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించడం లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న, శుక్లం తీసిన ఒక స్త్రీ కంటిలో అలాంటి ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. తోటి వైద్యులు చాలామంది ఎదిరించారు. ఆ లెన్సు అందరికీ అందేదాకా, మన పల్లెల్లో ఆపరేషను అయిన అవ్వలకు సోడాబుడ్డి అద్దాలే దిక్కు. 1992లో మధురైలో ఆరోల్యాబ్ మొదలై, లెన్సులు ఇక్కడే చౌకగా తయారుచేశాక ఆ బాధ తగ్గింది.

అయితే అది శుక్లం తీసిన ఖాళీలో పెట్టే లెన్సు. బాగున్న కంటిలో, సొంత కటకం ఉండగానే ఇంకొకటి పెట్టడం వేరు. 1950లలో ఇటలీలో స్ట్రాంపెల్లి ఆ ప్రయత్నం చేశాడు. కంటి ముందుపొర దెబ్బతిని, ఎన్నో లెన్సులను మళ్లీ తీసెయ్యవలసి వచ్చింది. 1986లో మాస్కోలో ఫ్యోదరొవ్ లెన్సును కటకానికి ముందు, నల్లగుడ్డు వెనుక అమర్చాడు. ఆ దారిలోనే మెరుగుపడిన లెన్సుకు 2005లో అమెరికా అనుమతి ఇచ్చింది.

ఈ చరిత్ర చెప్పేదేమిటి? కంటిలో చోటు చాలాలి, ముందుపొర కణాలు సరిపడా ఉండాలి. ఈ రెండూ కొలవకుండా లెన్సు పెట్టించుకోవద్దు. ఇరవయ్యొకటి నిండి, పవరు నిలకడగా ఉండాలి. గర్భిణులు, బాలింతలు ఆగాలి. పెట్టించుకున్నాక కూడా ఏటేటా పరీక్ష తప్పదు. నలభై దాటితే చదువుకునే అద్దాలూ తప్పవు.

సాగర్ కాలువ కింద వరి నూర్పిళ్ల దుమ్ములో తిరిగేవారికి కాంటాక్ట్ లెన్సు అంత మంచిది కాదు. నల్లా నీళ్లతో కడగడం, పెట్టుకొని నిద్రపోవడం కంటికే ముప్పు. బాగా ఎక్కువ పవరుండి, అద్దాలతో సుఖం లేక, కాంటాక్ట్ లెన్సు పడనివారికి లోపలి లెన్సు వరమే. తక్కువ పవరుకు మాత్రం కత్తి దాకా పోనేల?

ఇంకొక్క మాట. 1996 – 2000 మధ్య హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ మహబూబ్‌నగర్‌తో సహా నాలుగు జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించింది. చూపు తగ్గడానికి శుక్లంతోపాటు, సరైన అద్దాలు లేకపోవడమూ పెద్ద కారణమని తేలింది. అద్దాలు పెట్టుకోవడం నామోషీ కాదమ్మా. లెన్సు కావాలో వద్దో పెండ్లివారు కాదు, మీ కన్నూ, దాన్ని పరీక్షించిన డాక్టరూ చెప్పాలి.