ప్రావిన్సు పోయినా జట్టు పోలేదు

1985లో వియత్నాం జాతీయ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ గెలిచింది హా నామ్ నిన్ ప్రావిన్సు పరిశ్రమల జట్టు. ఆ ప్రావిన్సు ఇప్పుడు లేదు. 1975 చివర పాత ప్రాంతాలను కలిపి దాన్ని ఏర్పాటు చేశారు, పదహారేళ్లకు 1991 చివర విడగొట్టేశారు. 2024లో వి-లీగ్ టైటిల్ గెలిచిన జట్టు పేరు తెప్ సాన్ నామ్ దిన్. ఈ రెండు పేర్లూ పక్కపక్కన రాసి చూపిస్తే రెండూ ఒకే జట్టువని బయటివాళ్లు ఒక పట్టాన నమ్మరు. నామ్ దిన్ పట్టణంలో మాత్రం ఆ సందేహం ఎవరికీ రాలేదు. 39 ఏళ్ల తర్వాత మన రెండో టైటిల్ అనే సంబరం చేసుకున్నారు. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. వియత్నాం క్లబ్బుల చరిత్రను మామూలుగా రెండు దారుల్లో రాస్తారు: ఏ ప్రభుత్వ విభాగం నడిపింది, ఆ తర్వాత ఏ కంపెనీ కొనుక్కుంది. నామ్ దిన్ విషయంలో ఈ రెండు దారులూ మధ్యలోనే తెగిపోతాయి. విభాగాలు మారాయి, కంపెనీలు వచ్చిపోయాయి, చివరికి ప్రావిన్సు కూడా పోయింది. వీటన్నిటి మధ్యా జట్టును ఒకే జట్టుగా నిలిపింది ఆ పట్టణం, అక్కడి జనానికి తరాలుగా అలవాటైన ఆట.

నామ్ దిన్ హనోయ్‌కి ఆగ్నేయంగా దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, ఎర్ర నది డెల్టాలో ఉంది. 13వ శతాబ్దంలో మంగోలు సైన్యాలను మూడుసార్లు వెనక్కి తరిమిన త్రాన్ రాజవంశానికి పుట్టిల్లు ఈ నేలే. ఇప్పటి స్టేడియానికి ఉన్న తియెన్ చ్యూంగ్ అనే పేరు ఆ రాజుల కాలం నుంచి వచ్చిందే. కానీ ఆధునిక నామ్ దిన్‌ను తయారుచేసింది రాజులు కాదు, మగ్గాలు. ఫ్రెంచి వలస పాలనలో 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం ఆరంభంలో ఇక్కడ లేచిన నూలుమిల్లు ఇండోచైనా మొత్తంలోనే అతి పెద్దదైంది. అప్పట్లో ఉత్తర ప్రాంతంలో హనోయ్, హై ఫాంగ్‌ల తర్వాత మూడో నగరం నామ్ దిన్. 1930లో ఆ మిల్లులో వేలమంది కార్మికులు చేసిన సమ్మె వియత్నాం కార్మికోద్యమ చరిత్రలో పేరున్న ఘట్టం. షిఫ్టు దిగగానే ఒకేసారి వీధిలోకి వచ్చే జనం, ఒకే కూలి, ఒకే వాడ, ఒకే ఆదివారం ఉన్న ఊరికి ఫుట్‌బాల్ తొందరగా పడుతుంది. ఇంగ్లండు నూలు పట్టణాల్లోనూ, కలకత్తా జనపనార మిల్లుల చుట్టుపక్కలా జరిగింది ఇదే.

క్లబ్బు వయసును 1965 నుంచి లెక్కపెట్టడం వాడుక. ఆ ఏడాదిని కాస్త నిలిచి చూడాలి. ఏప్రిల్‌లో నామ్ దిన్, హా నామ్ ప్రావిన్సులను కలిపి నామ్ హా అని పేరు పెట్టారు. అంటే జట్టు పుట్టిన ఏడాదే దాని ప్రావిన్సు మొదటిసారి పటం మీద నుంచి తొలగింది. వేసవి నుంచి అమెరికా విమానాలు పట్టణం మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. 1966 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ విలేకరి హారిసన్ సాలిస్‌బరీ ఉత్తర వియత్నాం వెళ్లి, నామ్ దిన్‌లో కూలిన ఇళ్ల వీధులను వర్ణిస్తూ పంపిన కథనాలు అమెరికాలో పెద్ద దుమారం రేపాయి. సైనిక లక్ష్యాలను మాత్రమే కొడుతున్నామని ప్రభుత్వం చెబుతున్న మాటకు ఈ నూలు పట్టణం శిథిలాలు జవాబయ్యాయి. అలాంటి రోజుల్లో ఒక జట్టు ఉనికిలోకి రావడం, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు దేశంలో మొదటి స్థానానికి చేరడం పట్టణం తనను తాను మళ్లీ కట్టుకున్న చరిత్రలో భాగం. వేరుగా చెప్పుకోవాల్సిన ఆటల ముచ్చట కాదది.

అప్పట్లో జట్లన్నీ ప్రభుత్వానివే. సైన్యానికొకటి, పోలీసుకొకటి, రైల్వేకొకటి, ఓడరేవుకొకటి, ప్రావిన్సుల పరిశ్రమల శాఖలకు తలా ఒకటి. ఆటగాడు కాగితాల మీద ఉద్యోగి. రేషన్ కార్డు, ఇల్లు అన్నీ ఆ శాఖ ద్వారానే. కొనడం అమ్మడం లేదు కాబట్టి ఊళ్లో పుట్టినవాడు ఊరి జట్టుకే ఆడేవాడు. ఆ పద్ధతిలో ఎన్నో ఇబ్బందులు ఉన్నాయి, వాటిని తీపి జ్ఞాపకంగా మార్చనక్కర్లేదు. కానీ ఒక ఫలితం మాత్రం నామ్ దిన్‌కు బాగా దక్కింది: ఆటగాడూ ప్రేక్షకుడూ ఒకే వాడవాళ్లు. గుయెన్ వాన్ జుంగ్ దీనికి మంచి ఉదాహరణ. 1984, 1985, 1986 మూడేళ్లూ వరసగా జాతీయ పోటీల్లో అత్యధిక గోల్స్ కొట్టింది అతనే. దేశమంతా అతన్ని ‘బంగారు బూటు జుంగ్’ అని పిలిచింది. ఆ తర్వాత పన్నెండేళ్లు గడిచి, హా నామ్ నిన్ చీలి, మళ్లీ ఏర్పడ్డ నామ్ హా కూడా చీలి, 1997లో నామ్ దిన్ మళ్లీ సొంత ప్రావిన్సయ్యాక, 1998లో 17 గోల్స్‌తో నాలుగోసారి అదే బహుమతి అందుకున్నాడు. మొదటి మూడుసార్లూ హా నామ్ నిన్ చొక్కాలో, నాలుగోసారి నామ్ దిన్ చొక్కాలో. రెండు ప్రావిన్సుల రికార్డుల్లో ఉన్నది ఒకే మనిషి. అతన్ని చూడటానికి వచ్చింది కూడా అదే జనం.

2000–01 సీజన్‌తో వియత్నాంలో వి-లీగ్ అనే ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. తొలి సీజన్లోనే నామ్ దిన్ రెండో స్థానంలో నిలిచింది, టైటిల్ సోంగ్ లామ్ ఙె ఆన్‌కు పోయింది. అప్పటి నుంచి చొక్కా మీద పేర్ల ఊరేగింపు సాగింది. ఆనకట్టలు కట్టే సోంగ్ దా వచ్చింది, తర్వాత మికాడో వచ్చింది. దామ్ ఫూ మీ ఎరువుల కంపెనీ పేరుతో ఆడినప్పుడు 2007లో జాతీయ కప్పు గెలిచారు. ఆ తర్వాత మెగాస్టార్. చాలా ఏళ్లకు ఒక మందుల కంపెనీ పేరు చేరి జట్టు ‘జూక్ నామ్ హా నామ్ దిన్’ అయింది. అప్పటికి ఇరవై ఏళ్ల కింద రద్దయిన నామ్ హా ప్రావిన్సు ఆ కంపెనీ పేరులో మిగిలిపోయి ఉంది. అలా ఒకే చొక్కా మీద పోయిన ప్రావిన్సూ ఉన్న ప్రావిన్సూ పక్కపక్కనే నిలిచాయి. 2021 నుంచి స్వాన్ తియెన్ గ్రూపు ఉక్కు పేరు, తెప్ సాన్. వీటిలో ప్రతిదాన్నీ లీగ్ కాగితాల్లో రాశారు, వార్తల్లో చదివారు. గ్యాలరీల్లో కేక మాత్రం ఎప్పుడూ నామ్ దిన్ అనే.

ఇదే కాలంలో మిగతా చోట్ల ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. సైన్యం నాలుగో మండలం జట్టు స్థానాన్ని సైగాన్‌కు తరలించి నవీబ్యాంక్ సైగాన్ అన్నారు, 2012 తర్వాత అది లేదు. సిమెంటు డబ్బుతో లేచిన స్వాన్ తన్ సైగాన్ 2013లో సీజన్ మధ్యలోనే తప్పుకుంది. పక్క ప్రావిన్సు నిన్ బిన్‌లో సిమెంటు కంపెనీ విస్సాయ్ జట్టు 2013లో జాతీయ కప్పు గెలిచింది, మరుసటి ఏడాదే మ్యాచ్ ఫిక్సింగ్ కేసు మధ్య పోటీల నుంచి తప్పుకుని కనుమరుగైంది. డబ్బు తక్కువై పోయిన జట్లు కావివి. ఉన్న డబ్బు వెళ్లిపోయిన రోజున నిలబెట్టడానికి వెనక ఊరు లేక పోయినవి. నామ్ దిన్ 2010లో లీగ్ నుంచి జారింది. అక్కడితో ఆగక మూడో స్థాయి వరకూ పడిపోయింది. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా ఎక్కి, 2017లో రెండో స్థాయి గెలిచి పై లీగ్‌కు తిరిగొచ్చింది. 2018లో చివరి నుంచి రెండో స్థానంలో నిలిచి, హనోయ్ బి జట్టుతో ప్లేఆఫ్ గెలిస్తేగానీ గండం గట్టెక్కలేదు. స్పాన్సర్ పేరు తొలగినా జట్టు స్థానం ఇంకో నగరానికి అమ్ముడుపోలేదన్నది ఈ ఏడేళ్లలో అసలు విషయం.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆ ఏడేళ్లూ జట్టును నిలిపింది జనం కాదు, ప్రావిన్సు ఖజానా, క్రీడాశాఖ అనవచ్చు. అది నిజమే, కాదనడానికి లేదు. కానీ ఆ ఖజానాయే మరెన్నో ఆటలకు చేయూతనివ్వలేదు, మరెన్నో ప్రావిన్సుల ఖజానాలు తమ జట్లను మూసేశాయి. మూడో స్థాయి జట్టు కోసం డబ్బు విదిలించమని అధికారులను ఒత్తిడి చేసింది ఎవరు? జట్టు మూతపడితే తమను నిలదీసే ఊరొకటి ఉందని ఆ అధికారులకు తెలుసు. దీనికి ఎదురుగా సైన్యం జట్టు తె కాంగ్‌ను చూపించి, అంతకన్నా ఎక్కువమంది అభిమానులున్న జట్టునే 2009లో రద్దు చేసి స్థానాన్ని తన్ హొవాకు ఇచ్చేశారు కదా అనవచ్చు. ఈ ఉదాహరణ నా వాదానికి నిజంగానే అడ్డొస్తుంది. అయితే తె కాంగ్ అభిమానులు దేశమంతా చెదిరి ఉన్నారు, నిర్ణయం ఒకే సంస్థ చేతిలో ఉంది. వాళ్లు ఏ ఒక్క ఊళ్లోనూ ఎవరి గుమ్మం ముందూ నిలబడలేకపోయారు. ఆ పేరును మళ్లీ లీగ్‌లోకి తేవడానికి 2023 దాకా పట్టింది. జనం ఉంటే చాలదు, ఆ జనం ఒకచోట ఉండాలి అని నా మాటను సవరించుకుంటాను.

ఆ ఒకచోటు తియెన్ చ్యూంగ్ స్టేడియం. 2003 ఆగ్నేయాసియా క్రీడల కోసం దాదాపు 30,000 మందికి సరిపడేలా కట్టారు. నామ్ దిన్ సొంతగడ్డ మ్యాచులకు వచ్చేంత జనం లీగ్‌లో చాలా కొద్దిచోట్లే కనిపిస్తారు. పెద్ద నగరాల క్లబ్బులు కూడా దీని వెనకే. 2020 మేలో కోవిడ్ తర్వాత వియత్నాం ఆట మళ్లీ మొదలైనప్పుడు, ఐరోపాలో ఖాళీ కుర్చీల ముందు ఆడుతుండగా, ఈ గ్యాలరీలు నిండిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. మంటల కడాయి అని ఆ దేశపు పత్రికలు దీన్ని పిలుస్తాయి. ఆ మంటకు ఇంకో ముఖం కూడా ఉంది. 2019 సెప్టెంబరులో హనోయ్‌లో జరిగిన మ్యాచ్‌లో నామ్ దిన్ అభిమానుల గ్యాలరీ వైపు నుంచి దూసుకొచ్చిన ఫ్లేర్ తగిలి ఒక ప్రేక్షకురాలి కాలికి తీవ్ర గాయమైంది, అరెస్టులు జరిగాయి. పట్టణ ప్రేమ గురించి రాసేవాళ్లు దీన్ని దాటేయకూడదు. జట్టు మాది అన్న పట్టుదల ఎదుటివాళ్ల మీదికి నిప్పై ఎగరడం క్షమించదగ్గది కాదు. ఆ జనమే జట్టును నిలిపారని చెప్పినప్పుడు ఈ మచ్చను కూడా ఆ జనం లెక్కలోనే రాయాలి.

డబ్బు అభ్యంతరం మిగిలింది. 2024 టైటిల్ స్వాన్ తియెన్ గ్రూపు పెట్టుబడిది, బ్రెజిల్ ఫార్వర్డ్ రఫాయెల్సన్ గోల్స్‌ది, పట్టణానిది కాదు అని వియత్నాంలోనే చాలామంది అన్నారు. అతను ఆ సీజన్లో ఒక్కడే 31 గోల్స్ కొట్టాడు, లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ అన్ని కొట్టలేదు. డబ్బు లేకుండా ఆ టైటిల్ లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ మరుసటి సీజన్ చూడండి. వియత్నాం పౌరసత్వం తీసుకుని స్వాన్ సోన్ అయిన అదే రఫాయెల్సన్, ఆసియాన్ కప్‌లో దేశానికి 7 గోల్స్ కొట్టి, 2025 జనవరి 5న బ్యాంకాక్‌లో ఫైనల్ రెండో అంచెలో కాలు విరగ్గొట్టుకున్నాడు. మిగిలిన సీజన్ అతను లేకుండానే కోచ్ వూ హాంగ్ వియెత్ జట్టు మళ్లీ టైటిల్ గెలిచింది. ఒక మనిషి కాళ్ల మీద నిలిచిన జట్టుకు అది సాధ్యం కాదు. డబ్బున్నవాళ్లకు నామ్ దిన్ ఎందుకు కావాల్సి వచ్చిందన్నది దీనికన్నా పెద్ద ప్రశ్న. ఉక్కు కంపెనీకి తన పేరు నిండు గ్యాలరీల మధ్య వినిపించాలి, ఆ గ్యాలరీలను డబ్బుతో కొత్తగా తయారు చేయడం కుదరదు. ఖాళీ స్టేడియాల్లో కప్పులు గెలిచి మాయమైన సిమెంటు జట్లు దానికి సాక్ష్యం.

అసలు పాత మిల్లే లేదు కదా, ఇంకా నూలు పట్టణం అంటారేమిటి అనేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. మిల్లు ఊరి బయట పారిశ్రామికవాడకు తరలింది. 2016 నుంచి పాత షెడ్లు కూల్చి ఆ జాగాలో కొత్త నివాస ప్రాంతం వేశారు. ఇప్పటి ప్రేక్షకుల్లో మగ్గం ముట్టినవాళ్లు తక్కువ. కానీ అలవాటు దాన్ని పుట్టించిన పనికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. షిఫ్టు సైరన్ ఆగిపోయాక ఊరంతా ఒకేసారి ఒకేచోటికి చేరే సందర్భం ఈ మ్యాచే అయింది. మిల్లు పోయాక జట్టు విలువ తగ్గకుండా పెరగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

2025 జూన్‌లో వరసగా రెండో టైటిల్ చేతికొచ్చింది. జులై 1న వియత్నాం తన 63 ప్రావిన్సు స్థాయి విభాగాలను 34కు కుదించింది. నామ్ దిన్, హా నామ్, నిన్ బిన్ మళ్లీ ఒకటయ్యాయి. 1975లో హా నామ్ నిన్ పేరుతో చేసిన కలయికే ఇది, ఈసారి మొత్తానికీ పేరు నిన్ బిన్ అని పెట్టారు. నామ్ దిన్ నగరం కూడా పాలనాపరంగా రద్దయింది, ఆ పేరు ఒక వార్డుకు మిగిలింది. జట్టు మాత్రం 2025–26 సీజన్లోకి తెప్ సాన్ నామ్ దిన్‌గానే దిగింది. అదే సీజన్లో, హనోయ్ శివారు నుంచి తరలి వచ్చిన ఫూ దోంగ్ జట్టు నిన్ బిన్ ఎఫ్‌సీగా పేరు మార్చుకుని పై లీగ్‌కు చేరింది. కాబట్టి ఇప్పుడు ఒకే ప్రావిన్సులో రెండు వి-లీగ్ జట్లు ఉన్నాయి. ఒకటి ప్రావిన్సు పేరుతో, కొత్త డబ్బుతో ఉంది. రెండోది పటంలో లేని ప్రావిన్సు పేరుతో, అరవై ఏళ్ల జనంతో ఉంది. పిల్లల శిక్షణకు, మైదానాలకు ఇచ్చే ప్రభుత్వ నిధులు ఇకపై ఒకే కార్యాలయం నుంచి రావాలి. వాటిని పంచేవాళ్లు ప్రావిన్సు పేరు చూసి పంచితే నామ్ దిన్ కుర్రాళ్లు నష్టపోతారు. గతంలో రెండుసార్లు ప్రావిన్సులు కలిసినప్పుడు ఇలాంటి పోటీ లేదు. ఈసారి ఉంది.