ఓడలో నిద్రించిన రాణులు

1885వ సంవత్సరము జనవరి మాసమున టోంగరీరో అను పొగయోడ ఇంగ్లండునుండి బయలుదేరి న్యూజీలండులోని లిటిల్టన్ రేవు చేరెను. అందలి చల్లని గదిలో 282 రాణులు నిద్రించుచు వచ్చినవి. అవి రాజవంశపు రాణులు కావు. బంబుల్ బీ యను బొద్దు తుమ్మెదలలోని రాణులు. ఇంగ్లండులో కాలువగట్లు త్రవ్వు కూలీలచే వానిని సేకరింపించిరి. రేవు చేరునప్పటికి ప్రాణముతో మిగిలినవి 48 మాత్రమే.

ఇంత ప్రయాస పశుగ్రాసము కొరకు. వలసపోయిన రైతులు ఎఱ్ఱ క్లోవరు చల్లిరి. పైరు ఏపుగా పెరిగినను గింజ సరిగా కట్టలేదు. విత్తనమును ఇంగ్లండునుండి తెప్పించుకొనవలసివచ్చెను. 1839 నాటికే తేనెటీగలు అచ్చటికి చేరియుండెను గాని, ఆ పూగొట్టము లోతునకు వాని నాలుక చాలదు. ఈ క్లోవరుకు బొద్దు తుమ్మెదలే ఆధారమని చార్లెస్ డార్విన్ 1859లోనే వ్రాసియుండెను.

రాణులనే యేల పంపిరి? ఏటేటా చలి రాకమునుపే పాతరాణి, కూలిటీగలు, పోతుటీగలు అన్నియు మరణించును. జతకట్టిన క్రొత్తరాణులు మాత్రము మట్టిలో దూరి, ఒంటిలోని కొవ్వే ఆధారముగా నెలల తరబడి నిద్రించును. జాతి భవిష్యత్తంతయు ఆ నిద్రలోనే యుండును. చల్లని గదులుగల పొగయోడలు వచ్చిన పిదపనే ఆ నిద్ర చెదరకుండ వానిని ఉష్ణమండలము దాటించుట సాధ్యమైనది.

ఆ రాణి ఒంటరి కాదని మనకిప్పుడు తెలియును. దాని ప్రేగులలో స్నాడ్‌గ్రాసెల్లా, గిల్లియమెల్లా మొదలగు సూక్ష్మజీవులు కాపురముండును. శీతనిద్రలో వాని పాళ్ళు మారును. అయినను వసంతమున రాణి పెంచు తొలి సంతానమునకు అవి ముఖ్యముగా తల్లినుండియే సంక్రమింపవలెను. అవి లేకుండ పెరిగిన తుమ్మెదలను క్రిథీడియా యను పరాన్నజీవి మరింత తీవ్రముగా పట్టునని 2011లో స్విట్జర్లండులో జరిగిన పరిశోధన తెల్పెను.

కావున ఆ 48 రాణులతో ఓడ లెక్కలకెక్కని ప్రయాణికులును దిగియుండవలెను. వారిలో మిత్రులే కాదు, శత్రువులును ఉండిరి. రాణుల శరీరమున పెరిగి వానిని గొడ్డుపరచు స్ఫెరులేరియా యను నులిపురుగు తరువాత న్యూజీలండులోను కనబడెను.

కాంటర్బరీ పొలములలో విడిచిన తుమ్మెదలు కొలది సంవత్సరములలోనే వ్యాపించెను. క్లోవరు గింజ కట్టెను. నేడు హరితగృహములలోని టొమాటో పూతకై ఈ తుమ్మెదలను దేశదేశములకు పంపుచున్నారు. రేవులో రాణులను లెక్కించినంత మాత్రమున చాలదు. వాని కడుపున ఏమేమి వచ్చుచున్నవో కూడ మనము విచారింపవలెను.