వారపు సూదిమందులు – నీరసం

మధుమేహానికి, స్థూలకాయానికి వారానికొకసారి చర్మం క్రింద వేసుకొనే సూదిమందులు మన దేశంలో ఇటీవల వ్యాప్తిలోకి వచ్చాయి. టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలోను, సెమాగ్లుటైడ్ 'వెగోవి' పేరుతో అదే సంవత్సరం జూన్‌లోను, 'ఓజెంపిక్' పేరుతో డిసెంబరులోను ఇక్కడ విడుదలయ్యాయి. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. చెన్నైకి కూతవేటు దూరంలోని తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలకు ఈ మందులు చేరడంలో ఆశ్చర్యం లేదు.

భోజనానంతరం ప్రేగులలో సహజంగా ఊరే జీఎల్‌పీ-1 అనే హార్మోను పనినే ఇవి చేస్తాయి. రక్తంలో చక్కెర హెచ్చినపుడు ఇన్సులిన్‌ను పెంచుతాయి, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆకలిని తగ్గిస్తాయి. వాంతి, వికారం, విరేచనాలు, మలబద్ధకం అందరూ చెప్పుకొనేవే. నీరసాన్ని మాత్రం చాలామంది వయసు మీదకు నెట్టివేస్తారు. వెగోవి పరీక్షలలో మందు తీసుకొన్నవారిలో నూటికి 11 మంది, మందు లేని సూది వేయించుకొన్నవారిలో 5 గురు అలసట చెప్పారు.

కారణాలలో మొదటిది తిండి తగ్గడమే. రెండు ముద్దల సంగటితో కడుపు నిండినట్లుండగా మధ్యాహ్నం పొలంలో ఒళ్ళు తూలక ఏమవుతుంది? వాంతి విరేచనాలతో నీరు, లవణాలు పోవడం మరొకటి. బరువుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది. పప్పు, గ్రుడ్డు, పెరుగు, చేపలు తగ్గించరాదు. మోతాదు పెంచిన వారాలలో ఈ బాధలు ఎక్కువగా ఉంటాయి. అందుకే సెమాగ్లుటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతోను, టిర్జెపటైడ్‌ను 2.5 తోను ఆరంభించి, కనీసం నాలుగు వారాల తరువాతే పెంచుతారు. త్వరగా సన్నబడాలని సొంతంగా పెంచుకోవడం తగదు.

అన్నిటికన్న భయపడవలసినది చక్కెర పడిపోవడం. ఈ సూది ఒక్కటే వాడేవారికి అది అరుదు. ఇన్సులిన్‌తో గాని, గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ వంటి మాత్రలతో గాని కలిసినపుడు ప్రమాదం పెరుగుతుంది. 2021 ఆగస్టులో ఆరంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం క్రింద చక్కెర మాత్రలు ఇంటికే వస్తాయి. సూది వ్రాసిచ్చేది మరొక వైద్యుడు. ఆయనకు ఆ మాత్రల సంగతి తెలియకపోవచ్చు. అట్టలను చేత పట్టుకొని వెళ్ళడం మేలు.

చెమట, వణుకు, గుండెదడ, తికమక కనిపించి, చక్కెర 70 కంటె తక్కువైతే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట ఏదీ పోయరాదు. 108కి ఫోను చేయాలి. ఆడికృత్తికకు ఉపవాసముండి తిరుత్తణి కొండ 365 మెట్లూ ఎక్కే మ్రొక్కు ఉన్నవారు ముందుగా వైద్యుని అడిగి మాత్రల మోతాదు సరిచేయించుకోవాలి. స్వామి తొందరపెట్టడు, కొండపైకి రోడ్డూ ఉంది.

ఇక మాట సంగతి. మన పెద్దలు ఆసుపత్రిలో నీరసానికి అరవంలో 'మయక్కం' అనేస్తారు. వైద్యునికి అది కళ్ళు తిరిగి పడిపోవడంగా వినిపిస్తుంది. పరీక్షలు ఆ దారినే సాగుతాయి. నీరసానికి 'సోర్వు', ఒళ్ళు అలసటకు 'కళైప్పు' అనాలి. నిజంగా కళ్ళు తిరిగితేనే 'మయక్కం'.

నీరసమంతా సూది తప్పు కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇట్లే అలసట కలిగిస్తాయి. రక్తపరీక్షతో ఇవి తెలిసిపోతాయి.

నీరసంతోపాటు మూత్రం బాగా తగ్గినా, ఎడతెగని వాంతులైనా, వీపుకు ప్రాకే తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా తదుపరి సూది వేసుకోక, ఆనాడే తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో, దగ్గరలోని మరో ఆసుపత్రికో వెళ్ళాలి.