తాళం వేసిన ఫోను

ఫోను ఎవరి సొత్తు అన్న తగాదా అమెరికాలో సెల్‌ఫోన్లు పుట్టకముందే మొదలయింది. 1950లలో ఇక్కడి ఇళ్ళల్లో ఉన్న నల్లటి బరువైన టెలిఫోన్లలో చాలా మటుకు ఆ ఇంటివాళ్ళవి కావు, ఏటీ అండ్ టీ వారివి. వాళ్ళ సొంత ఫాక్టరీ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో తయారై, నెలకింత అని అద్దె మీద ఇంటికి వచ్చేవి. దానికి మనం మరే వస్తువూ తగిలించకూడదు. హష్-ఎ-ఫోన్ అని ఒక దొప్పలాంటిది ఉండేది. మాట్లాడే చోట తగిలించుకుంటే పక్కవాళ్ళకి మాటలు వినపడవు. అందులో కరెంటు లేదు, తీగ లేదు. అయినా సరే వీల్లేదంది కంపెనీ. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కూడా కంపెనీ పక్షమే వహించింది. చివరికి 1956లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే తప్పు లేనప్పుడు, దొప్ప అడ్డం పెట్టుకుంటే తప్పేమిటన్నది ఆ తీర్పు ధోరణి.

తరవాత వచ్చిన కేసు ఇంకా పెద్దది. టెక్సస్‌లో థామస్ కార్టర్ అనే ఆయన ఊరికి దూరంగా పనిచేసేవాళ్ళు తమ రేడియోలోంచి మామూలు టెలిఫోనుతో మాట్లాడుకునేందుకు కార్టర్‌ఫోన్ అనే పరికరం తయారుచేశాడు. ఫోను రిసీవరు తీసి దాని మీద పెట్టడమే, లోపల తీగలు కలిపే పని లేదు. కంపెనీ దీన్నీ వద్దంది. 1968 జూన్‌లో కమిషన్ కార్టర్ వైపు తీర్పు చెప్పింది: నెట్‌వర్కుకి హాని చెయ్యని ఏ పరికరాన్నైనా వినియోగదారుడు తగిలించుకోవచ్చు. ఆన్సరింగ్ మెషీన్లు, ఫాక్స్ మెషీన్లు, మనలో చాలామంది తొలిసారి ఇంటర్నెట్ చూసిన మోడెములు, అన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే.

అంత పోరాడి సంపాదించిన హక్కు సెల్‌ఫోను దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చేజారింది. ఈసారి కంపెనీ ఫోనుని అద్దెకివ్వలేదు, తక్కువ ధరకి ఇచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెడితే వందల డాలర్ల ఫోను చవకగానో, ఊరికేనో చేతికొచ్చేది. మధ్యలో మానేస్తే జరిమానా. 2009 నవంబరులో వెరిజాన్ స్మార్ట్‌ఫోన్లకి ఈ జరిమానాని 350 డాలర్లు చేసింది. కాంట్రాక్టూ, జరిమానా రెండూ ఉన్నాక మళ్ళీ ఫోనులో తాళం ఎందుకు? ఈ ప్రశ్నకి కంపెనీల దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి కాని, నాకు తృప్తినిచ్చింది ఒక్కటీ లేదు. 2003 నవంబరులో ఫోను నంబరుని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పట్టుకుపోయే హక్కు వచ్చింది. నంబరు మనతో వస్తుంది, ఫోను రాదు! కాపురం మారేటప్పుడు ఇంటి పేరు తెచ్చుకోవచ్చు గాని సామాను వదిలి రావాలన్నట్టు.

ఇక చిన్న కంపెనీల సంగతి. వీటికి సొంత టవర్లుండవు. పెద్ద కంపెనీల దగ్గర నిమిషాలూ మెగాబైట్లూ టోకున కొని, తమ పేరుతో చిల్లరగా అమ్ముతాయి. 1999లో ఇంగ్లండులో వర్జిన్ మొబైల్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. 2002లో స్ప్రింట్ టవర్ల మీద అమెరికాకీ వచ్చింది. ఫ్లోరిడాలో పుట్టిన ట్రాక్‌ఫోన్ అంతకు ముందునుంచే ముందుగా డబ్బు కట్టించుకునే ఫోన్లు అమ్ముతోంది. 2009లో వాల్‌మార్టు దుకాణాల్లో స్ట్రెయిట్ టాక్ పేరుతో నెలకి 45 డాలర్ల ప్లాను పెట్టిందీ ఆ కంపెనీయే. క్రెడిట్ హిస్టరీ అంటే ఏమిటో తెలియకుండా విమానం దిగిన మన విద్యార్థులకి ఇవే దిక్కు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా చేతికి రాలేదు, పెద్ద కంపెనీకి వెళితే వందల డాలర్లు డిపాజిట్ కట్టమంటారు. వీళ్ళు మాత్రం పేరు అడిగినా అడగకపోయినా సిమ్ చేతిలో పెట్టేవారు.

తాళం ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. ఇంజనీరుని కాబట్టి ఈ పిడకల వేట తప్పదు. ప్రతి సిమ్ కార్డులోనూ ఒక పొడుగాటి సంఖ్య ఉంటుంది. దాని మొదటి మూడంకెలు దేశానివి, తరవాతి రెండో మూడో అంకెలు నెట్‌వర్కువి. 310-410 అంటే ఏటీ అండ్ టీ, 310-260 అంటే టీ-మొబైల్. తాళం వేసిన ఫోను, సిమ్ పెట్టగానే ఈ అంకెలు చదివి తనలో రాసి ఉన్న అంకెలతో పోల్చుకుంటుంది. కలిస్తే సరే, కలవకపోతే నోరు మూసుకుంటుంది. అంతకన్నా రహస్యమేమీ లేదు.

ఇందులోంచే ఒక వెసులుబాటు పుట్టింది. చిన్న కంపెనీ ఏటీ అండ్ టీ టవర్ల మీద నడిచేదయితే, దాని సిమ్‌లోనూ సాధారణంగా అవే అంకెలుంటాయి. కనుక ఏటీ అండ్ టీ తాళం ఉన్న ఫోను ఆ సిమ్‌ని చాలాసార్లు సొంత సిమ్ అనుకుని ఒప్పేసుకుంటుంది. తాళం విప్పకుండానే నెల బిల్లు సగమయిన ఇళ్ళు నాకు తెలుసు. అయితే మాటలు నడిచినా ఇంటర్నెట్ రాకపోవచ్చు. ఏపీఎన్ అనే గడిలో చిన్న కంపెనీ చెప్పిన చిరునామా రాయాలి. కొన్ని తాళం ఫోన్లలో ఆ గడినే కనపడకుండా దాచేస్తారు. దీనికి తిరగబడ్డ వ్యవహారం కూడా ఉంది. ప్రమాణాల్లో నెట్‌వర్కు తాళమే కాక, దానికన్నా బిగువైన ‘సర్వీస్ ప్రొవైడర్’ తాళం కూడా ఉంది. అది వేస్తే, చిన్న కంపెనీ అమ్మిన ఫోను తను వాడుకుంటున్న టవర్లు సొంతంగా గల పెద్ద కంపెనీ సిమ్‌ని కూడా ఒప్పుకోదు.

స్ప్రింట్, వెరిజాన్‌ల పాత సీడీఎంఏ ఫోన్లలో అసలు సిమ్మే లేదు. ఫోను సంఖ్య కంపెనీ పుస్తకంలో ఉంటే పలుకుతుంది, లేకపోతే లేదు. ఇండియాలో ఇలాంటిదే 2003లో చూశాం. రిలయన్స్ వారు 501 రూపాయలు కట్టించుకుని చేతిలో పెట్టిన ఫోన్లు రిలయన్స్‌కి తప్ప పనికిరావు. అయినా మన దగ్గర ఈ తాళాల అలవాటు పెద్దగా నాటుకోలేదు. పూర్తి ధర పెట్టి ఫోను కొనుక్కుని, సిమ్ వేరుగా కొనుక్కోవడమే మన పద్ధతి. అందుకనే అమెరికా నుంచి తెచ్చిన ఫోనులో బీఎస్ఎన్ఎల్ సిమ్ పెట్టి, పలకకపోతే ఫోను పాడయిందనుకునేవారు పెద్దవాళ్ళు. నేను ఇండియాకి తీసుకువెళ్ళిన ఫోనుకి కాంట్రాక్టు గడువు పూర్తిగా అయిపోయింది. బాకీ ఒక్క సెంటు లేదు. అయినా తాళం కోడ్ ఇమ్మని ఇక్కడి కంపెనీకి మూడుసార్లు ఫోను చేస్తే, మూడుసార్లూ వేరువేరు కారణాలు చెప్పారు. మా నాన్నగారు దాన్ని హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గర జగదీశ్ మార్కెట్‌కి తీసుకువెళితే, కుర్రాడొకడు టీ తాగేలోపు విప్పి ఇచ్చాడు. “మీ అమెరికావాళ్ళు ఇంత చిన్న పనికి అంత రాద్ధాంతం చేస్తారేంట్రా?” అని ఆయన నవ్వారు.

కుర్రాడు చేసిన ఆ పనినే అమెరికాలో డబ్బు తీసుకుని చేస్తే నేరమవునా కాదా అన్నదే అసలు కథ. 1998లో వచ్చిన డిజిటల్ మిలెనియం కాపీరైట్ చట్టం, సినిమాలకీ పాటలకీ వేసిన డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నిషేధించింది. లాభం కోసం చేస్తే మొదటి తప్పుకే అయిదేళ్ళ జైలు, అయిదు లక్షల డాలర్ల జుల్మానా దాకా వెయ్యవచ్చు. ఫోనులో ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా కాపీరైట్ ఉన్న రచనే కదా అన్న వాదంతో ఈ చట్టం సెల్‌ఫోను మీదికి మళ్ళింది. చట్టాన్ని అలా గట్టిగా వాడుకున్నవాళ్ళలో పెద్ద కంపెనీలకన్నా ట్రాక్‌ఫోన్‌దే పైచెయ్యి. ఖరీదుకన్నా తక్కువకి అమ్మిన తమ ఫోన్లని గుత్తగా కొని, తాళం విప్పి, బయట అమ్ముకునే వ్యాపారుల మీద వరసగా కేసులు వేసింది. పేదవాడి ఫోను కంపెనీయే తాళానికి గట్టి కాపలాదారు అయింది. దాని లెక్క దానికుంది. ఫోను మీద పోగొట్టుకున్నది నిమిషాల మీద రాబట్టుకోవాలి మరి.

ఈ చట్టం నుంచి మినహాయింపులివ్వాల్సింది ఎవరో తెలుసా? లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్! పీఎల్ 480 రోజుల నుంచి మన తెలుగు పుస్తకాలు తెప్పించుకుని భద్రపరుస్తున్న గ్రంథాలయానికి అధిపతి. మూడేళ్ళకోసారి విచారణ జరిపి మినహాయింపుల జాబితా ప్రకటించాలి. 2006లో సెల్‌ఫోను తాళం విప్పడానికి మినహాయింపు దొరికింది. మరుసటి ఏడు జూన్ 29న ఐఫోన్ ఏటీ అండ్ టీకి మాత్రమే కట్టుబడి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే న్యూజెర్సీలో జార్జ్ హాట్జ్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు దాని తాళం విప్పేశాడు. 2010లో మినహాయింపు కొనసాగింది. 2012లో మాత్రం ఆగిపోయింది. బజారులో తాళం లేని ఫోన్లు కావలసినన్ని దొరుకుతున్నాయి కదా అన్నది ఒక కారణం. రెండో కారణం ఇంకా విడ్డూరం: ఫోను నీదే అయినా, అందులోని సాఫ్ట్‌వేర్‌కి నువ్వు యజమానివో, లైసెన్సుదారుడివి మాత్రమేనో తేలలేదు. సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి నేను. లైసెన్సు అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా డబ్బిచ్చి కొన్న వస్తువులో ప్రాణం ఒకరిది, శరీరం ఇంకొకరిది అంటే మింగుడు పడలేదు.

2013 జనవరి 26 తరవాత కొన్న ఫోన్ల తాళం కంపెనీ అనుమతి లేకుండా విప్పడం చట్టవిరుద్ధమయింది. సినా ఖానిఫర్ అనే ఆయన శ్వేతసౌధానికి పెట్టిన అర్జీ మీద 1,14,000 మందికి పైగా సంతకాలు చేశారు. మార్చిలో శ్వేతసౌధం అర్జీదారులతో ఏకీభవించింది. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా సంతకంతో రద్దయిన మినహాయింపుని తిరిగి తెచ్చే చట్టం వచ్చింది. యజమాని తరఫున వేరేవాళ్ళు తాళం విప్పవచ్చని కూడా అందులో ఉంది. అంటే మన జగదీశ్ మార్కెట్ కుర్రాడికి అమెరికాలోనూ చోటు దొరికిందన్నమాట.

కాని ఆ చట్టం తాళం విప్పుకోనిచ్చింది గాని, వెయ్యవద్దని కంపెనీలకి చెప్పలేదు. కెనడాలో 2017 డిసెంబరు నుంచీ, ఇంగ్లండులో 2021 డిసెంబరు నుంచీ తాళం వేసి అమ్మడమే నిషేధం. ఇక్కడ 2008 వేలంలో కొన్న రేడియో తరంగాల షరతుల వల్ల వెరిజాన్ మాత్రం తాళం వెయ్యకూడదని ఉండేది. అది 2019లో అరవై రోజుల గడువు సంపాదించుకుంది, 2025లో ఆ హద్దు కూడా తొలగించమని అర్జీ పెట్టుకుంది. మధ్యలో 2021లో ట్రాక్‌ఫోన్‌ని కొనేసింది. టీ-మొబైల్ 2024లో మింట్‌ని కొంది. చిన్న కంపెనీలన్న మాటకి అర్థం ఇలా పలచబడుతోంది.

కాంట్రాక్టుల స్థానంలో ఇప్పుడు వాయిదాలొచ్చాయి. కొత్తగా వచ్చిన పిల్లలు పాత ఫోను కొనేటప్పుడు, *#06# నొక్కితే కనపడే ఐఎంఈఐ సంఖ్య రాసుకుని, వాయిదాల బాకీ ఉందేమో, దొంగతనంగా నమోదయిందేమో వెళ్ళబోయే కంపెనీ దగ్గర సరిచూసుకోవాలి. ఐఫోన్ అయితే సెట్టింగుల్లో ‘ఎబౌట్’ పేజీ అడుగున క్యారియర్ లాక్ అన్న చోట సిమ్ ఆంక్షలు లేవని రాసి ఉండాలి. తాళం లేదని తేలినా ఇంకొక మెట్టు ఉంది. 2022లో ఏటీ అండ్ టీ 3జీ మూసేశాక, తమ జాబితాలో లేని ఫోన్లని తాళం లేకపోయినా రానివ్వలేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న నిక్షేపంలాంటి ఫోన్లు ఆ ఏడు మన ఇళ్ళల్లో ఎన్ని సొరుగుల్లోకి వెళ్ళాయో.