కీళ్లవాతంలో చేతి వైకల్యం: మార్పుల కొలత

శరీరపు రక్షణ వ్యవస్థ తన కీళ్ల లోపొరలపైనే దాడి చేయడం వల్ల కలిగే దీర్ఘవ్యాధి రుమటాయిడ్ కీళ్లవాతం. ఇందులో మణికట్టు, వేళ్ల కణుపులు తరచుగా ముందు వాచి, ఉదయం వేళ బిగుసుకుపోయి, వైద్యం ఆలస్యమైతే వేళ్లు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోతాయి. అందుచేత రోగి చేతులతో ఏ పనులు చేసుకోగలుగుతున్నదీ, ఆ శక్తి కాలక్రమంలో పెరుగుతున్నదో తరుగుతున్నదో లెక్కగట్టే పద్ధతులు క్రమంగా రూపొందాయి.

తొలినాళ్లలో ప్రధానంగా కొలిచింది పిడికిలి బలాన్ని. రక్తపోటు పరికరపు పట్టీని చుట్టచుట్టి, 20 లేదా 30 మిల్లీమీటర్ల పీడనం వరకు గాలి నింపి, రోగి దాన్ని నొక్కినప్పుడు పాదరసం ఎంత లేచిందో చూసేవారు. 1949లో స్టెయిన్‌బ్రోకర్ బృందం రోగుల పనిసామర్థ్యాన్ని నాలుగు తరగతులుగా విభజించింది గాని, తరగతుల మధ్య అంతరం పెద్దది కావడంతో చిన్న మార్పులు వాటికి అందలేదు. 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం రోగినే అడిగి 0 నుంచి 3 వరకు అంకె వేసే ఆరోగ్య ప్రశ్నావళిని ప్రకటించింది. దాని భారతీయ రూపం 2002లో వెలువడింది. అందులో చీర, ధోవతి కట్టుకోవడం, బాసింపట్టు వేసి కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం చేరాయి. చేతికే పరిమితమైన కొలమానాన్ని 1996లో డురువోజ్ బృందం పారిస్‌లోని కోషాన్ ఆసుపత్రిలో తయారుచేసింది. దానిలోని 18 ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 0 నుంచి 5 చొప్పున, మొత్తం 90 దాకా అంకెలు వస్తాయి, అంకె పెరిగేకొద్దీ వైకల్యం ఎక్కువని అర్థం.

స్థితిని ఒకసారి కొలవడం కన్నా మార్పును కొలవడం కష్టం. వ్యాధి నిలకడగా ఉన్నప్పుడు మళ్లీ అడిగినా దాదాపు అదే అంకె రావాలి. మందు పనిచేసినప్పుడు అది కదలాలి. ఆ కదలిక రోగికి తెలిసేంతటిదై ఉండాలి. ఉదయపు బిగువు మధ్యాహ్నానికి సడలుతుంది కనుక రెండు కొలతలూ ఒకే వేళకు తీసుకోవాలి. వాపు తగ్గినా వంకరపోయిన వేళ్లు తిరిగి రావు కాబట్టి, ముదిరిన వ్యాధిలో అంకె కొంతమేరకే దిగుతుంది.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెల్లో ఈ కొలమానాలకు మరో చిక్కు ఎదురవుతుంది. ముళ్లచెంచాతో గుచ్చడం, కత్తితో మాంసం కోయడం వంటి పారిస్ ప్రశ్నలు చేత్తో కలుపుకొని తినే కోయ మహిళకు వర్తించవు. ఆమె చేతి పని వేరు: మిరప కోతలో కాయను తొడిమతో సహా వేళ్ల కొసలతో పట్టి తెంపాలి, తునికాకును 50 ఆకుల చొప్పున దొంతిపెట్టి, నారతో బిగించి కట్ట కట్టాలి. కూలి కట్టల లెక్కన వస్తుంది కనుక చేతి మందగింపు నేరుగా రాబడిలో కనబడుతుంది. అయితే తునికాకు పని వేసవిలో కొన్ని వారాలే ఉంటుంది. ఆ రోజుల్లో చెప్పిన ఇబ్బందిని వానాకాలపు జవాబుతో పోలిస్తే, పని మారడం వల్ల వచ్చిన తేడా వ్యాధి తేడాగా పొరబడే వీలుంది. కాబట్టి ఏడాది పొడవునా చేసే పనులను అడగడం, లేదా ఒకే రుతువులోని జవాబులను పోల్చడం సరైన పద్ధతి. కీళ్లవాత నిపుణుల విభాగమున్న హైదరాబాదు నిమ్స్ భద్రాచలానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. నెలల ఎడంతో వెళ్లే రోగి చీటీపై తేదీ, వేళ, చేస్తున్న పనితో కలిపి రాసిన అంకె ఉంటే, మందు మార్చాలా వద్దా అన్న నిర్ణయం జ్ఞాపకంపై ఆధారపడనవసరం ఉండదు.