ఓరుగల్లు చూడబోతే: కోట నుంచి చెరువు కట్ట దాకా

వరంగల్ చూడాలంటే ఎలా వెళ్లాలి అని ఎవరిని అడిగినా ఇవాళ ఒకటే వరస చెబుతారు. మొదటి రోజు హనుమకొండలో వేయిస్తంభాల గుడి, భద్రకాళి, సాయంత్రం కోట. మర్నాడు రామప్ప గుడీ చెరువూ, లక్నవరం చెరువు. ఓపికుంటే బొగత జలపాతం. మొదటి రోజు చరిత్రకు, రెండో రోజు ప్రకృతికి అన్నమాట. ఈ పంపకం దగ్గరే నాకు పేచీ. రెండో రోజు చూసేవాటిలో బొగతను పక్కన పెడితే తక్కినవాటిలో మనిషి చెయ్యి పడనిది దాదాపు లేదు. ఆ చెరువులు కోట కట్టిన కాలానివే, కట్టించింది కూడా కోట కట్టిన కాకతీయుల కొలువువాళ్లే. కాకపోతే చూడటానికి వచ్చేవాళ్ల కళ్లు చెరువుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది.

ఓరుగల్లును చూసి తిరగడమే కథగా రాసిన తెలుగు పుస్తకం ఒకటుంది: వినుకొండ వల్లభరాయని 'క్రీడాభిరామం'. పదిహేనో శతాబ్దపు రచన. శ్రీనాథుడి చెయ్యి ఉందా లేదా అన్న వాదు పండితులది, దాన్ని వాళ్లకే వదిలేద్దాం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఆ నగరంలో పొద్దస్తమానం తిరుగుతారు. మాచల్దేవి చిత్రశాల చూస్తారు, కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ల పోట్లాట చూస్తారు. ఆకలేస్తే లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇల్లు ఉండనే ఉంది. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటలు, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్లు, పెరుగు. నేటి యాత్రా పుస్తకాల్లో హోటళ్ల పేజీకి ఇదే ముత్తవ్వ. వాళ్ల సరదా అంతా వీధుల మీద, మనుషుల మీద. ఊరి బయటి చెరువులు చూసొద్దామని పని కట్టుకుని బయల్దేరే ఊసే లేదు. ఎందుకుంటుంది? ఆనాడు చెరువు విహారస్థలం కాదు, పొలానికి నీళ్లిచ్చే సాధనం.

అలాంటి సాధనాలను కాకతీయులు పట్టుబట్టి కట్టించారు. రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి ఎత్తించింది 1163లో. గణపతిదేవుని నాటికి రాజధాని ఓరుగల్లుకు మారింది. ఆయన, ఆయన కూతురు రుద్రమదేవి కలిసి రాతికోటను నిలబెట్టారు. ఆ గోడ లోపలివైపు పొడుగునా మెట్లుంటాయి, సైనికుడు ఎక్కడి నుంచైనా బురుజు మీదికి ఉరకడానికి. సరిగ్గా ఆ రోజుల్లోనే అడవి అంచున ఇంకో రకం గోడలు లేచాయి, ఇవి మట్టివి. రెండు గుట్టల మధ్య వాగు సన్నబడే చోటు చూసి కట్ట పోయడం, రాతి తూము పెట్టడం, ఎక్కువైన నీరు పోవడానికి ఓ పక్కన మత్తడి వదలడం. చిన్న కట్టతో ఎక్కువ నీరు ఆగే చోటు పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా. పాకాల చెరువుకు మైలు పొడవు కట్ట పోస్తే ఎదురుగా మూడు పక్కలా గుట్టలే కాపు కాశాయి. కట్టించినవాడు రాజు కాదు, మంత్రి బయ్యన నాయకుని కొడుకు జగదాళు ముమ్మడి.

పాలంపేటలో గుడీ చెరువూ జంట. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. జనం మాత్రం శిల్పి పేరనుకునే 'రామప్ప' పేరుతోనే పిలుచుకుంటున్నారు. చూరు కింద నల్లరాతి మదనికల్ని తలెత్తి చూడండి. ఒకామె కాళ్లకు ఎత్తుమడమల చెప్పులున్నాయి, వాటిని చూపకుండా గైడు మనల్ని కదలనివ్వడు. పైనున్న శిఖరం నీటిలో తేలే తేలికపాటి ఇటుకలది. ఆ గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే కట్ట. గుడి ముందు గంటసేపు నిలబడేవాళ్లు ఆ కట్ట మీద అయిదు నిమిషాలైనా ఆగరు, ఫొటో దిగి వెళ్లిపోతారు.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకోవడంతో కాకతీయుల కథ ముగిసింది. ఊరు సుల్తాన్‌పూర్ అయింది. కోట నడుమనున్న స్వయంభూశివాలయం కూలి, దాని నాలుగు దిక్కులా ఉన్న కీర్తితోరణాలు ఒంటరిగా మిగిలాయి. ఆ తర్వాత బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు. కోటలోని ఖుష్‌మహల్ తప్ప 1323 తర్వాతి ఈ కాలమంతా యాత్రికుడికి పెద్దగా మిగిల్చిందేమీ లేదు. కోట లోపల పల్లెలు వెలిశాయి, ఇప్పటికీ ఉన్నాయి. చెరువుల సంగతి వేరు: రాజు పోయినా రైతుకు నీళ్లు కావాలి గనక, గండి పడితే పూడ్చుకుంటూ కట్టల్ని బతికించుకున్నారు.

ఓరుగల్లు మళ్లీ 'చూడదగ్గ చోటు' అయింది నిజాం కాలంలో. వరంగల్ మీదుగా బెజవాడకు 1889లో రైలు పడింది. 1914లో హైదరాబాద్ పురావస్తు శాఖ పెట్టారు. దాని అధిపతి గులాం యాజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద ఒక గ్రంథం వెలువరించాడు. రామప్ప పేరు బయటి పండితుల నోట పడడంలో దాని పాలు తక్కువ కాదు.

చెరువులకు ప్రకృతి అన్న ముద్ర పడింది ఇంకా తర్వాత. 1952లో పాకాల చుట్టూ ఉన్న అడవి అభయారణ్యమైంది. దాంతో కాకతీయుల సేద్యపు పని ప్రభుత్వ కాగితాల్లో అడవి ఖాతాలోకి చేరింది. లక్నవరంలో దీవుల్ని కలుపుతూ వేలాడే వంతెన వేశాక ఆదివారాలు జనం కిటకిటలాడుతున్నారు. ఆ దీవులు చెరువు నిండినప్పుడు మునగకుండా మిగిలిన గుట్టల కొసలే. 2014లో కీర్తితోరణం తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది, 2021లో రామప్ప యునెస్కో జాబితాలో చేరింది. ఏటూరునాగారం అవతల, ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడేదాకా వాజేడు మండలంలోని బొగతకు భద్రాచలం చుట్టూ తిరిగి వెళ్లాలి. ఇప్పుడు వరంగల్ నుంచి నేరుగా పోవచ్చు. వానాకాలంలో అక్కడ దూకే నీటికి మాత్రం ఏ రాజూ కట్ట పోయలేదు.

మిషన్ కాకతీయ పేరుతో 2015 నుంచి పాత చెరువుల పూడిక తీశారు, మంచి పనే. అయితే పడవ నడిపేవాడికి చెరువు ఎండాకాలమూ నిండుగా ఉండాలి. యాసంగి వరి వేసినవాడికి తూము ఎత్తాలి. లక్నవరంలో నీరు తగ్గిందని నొచ్చుకునే యాత్రికుడు కింద ఆయకట్టు వైపు ఓసారి చూస్తే ఆ నీరు ఎటు పోయిందో తెలుస్తుంది. నన్నడిగితే ముందు హక్కు ఆయకట్టుదే. నిండు చెరువే చూడాలనుకుంటే వానలు కుదురుగా పడ్డాక, మత్తడి పారే రోజుల్లో రావాలి. వరస కూడా తిరగేసుకోవచ్చు: ముందు పాకాల కట్ట, ఆ తర్వాతే కోట.