నీడ సోకుద్దంట

మా తాత ఊళ్లోకి పోవాలంటే ముందు పొద్దు చూసేవాడు. మా గూడెం ఊరికి దక్షిణాన ఉంది. పొద్దున పోతే బాటకు పడమటి అంచున, సాయంత్రమైతే తూర్పు అంచున నడిచేవాడు. అదేదో ఆయన అలవాటనుకున్నాను. పంతులునై పిల్లలకు వెలుతురు పాఠం చెబుతుంటే తెలిసింది. పొద్దున నీడ పడమటికి పడుతుంది. ఆ అంచున నడిస్తే అది బాట మీద కాదు, పక్క గుంటలో పడుతుంది. ఎదురొచ్చే ఆసామిని తాకదు.

అడిగితే, "మా నాయన అట్టా నడిపిచ్చాడ్రా. నీడ సోకితే వాళ్లు మళ్లీ తానం చెయ్యాలంట" అన్నాడు.

పాఠంలో నీడంటే వెలుతురుకు అడ్డొచ్చిన వస్తువు వెనక పడే చీకటి. దానికి బరువు లేదు, వాసన లేదు. జనం నోట్లో నీడంటే చల్లదనం: చెట్టునీడ, నీడపట్టు. నీడంటే ఇల్లు: కూడూ గుడ్డా నీడా. నీడంటే ఆశ్రయం: "మీ నీడన బతుకుతాం దొరా" అని మావాళ్ల చేత అనిపించుకున్నారు. వాళ్ల నీడ మాకు దయ, మా నీడ వాళ్లకు మైల! వాళ్ల పురాణంలో ఛాయ సూర్యుడికే పెళ్లాం.

మనుస్మృతి ఐదో అధ్యాయం ఈగతో, సూర్యకిరణాలతో పాటు నీడనూ తాకితే మైల కానివాటిలో లెక్కగట్టింది. మనువును మెచ్చుకోడానికి చెప్పడం లేదు. మైల నీడలో లేదు, పెత్తనంలో ఉంది. పీష్వాల పుణెలో మధ్యాహ్నం మూడు దాటాక, పొద్దున తొమ్మిది లోపు మహర్లు, మాంగులు నగర ద్వారాల లోపల ఉండకూడదని ఘుర్యే 1932లో రాశాడు. ఆ వేళల్లో నీడ పొడుగు గదా! పొద్దు వాలితే మనిషి నేరస్తుడే. హిందువు ఎదురొస్తే నీడ పడుతుందని అంటరానివాణ్ణి వీధిలో నడవనివ్వలేదని అంబేద్కర్ 'కులనిర్మూలన'లో 1936లో రాశాడు.

1950లో రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. తాత నడక మాత్రం చచ్చేదాకా మారలేదు. ఎవరూ తిట్టని రోజుల్లో కూడా అంచునే నడిచాడు.

సెలవులకు ఊరికి పోతే నేను బాట నడిమధ్యన నడుస్తాను. ఒక్కోసారి ఆలోచనలో పడి చూసుకుంటే పడమటి అంచున ఉంటాను. చట్టం బాట మీదికొచ్చింది. నా కాళ్లల్లోకి ఇంకా రావాలి.